పిల్లలకు ఫ్రేజ్, క్లాజ్ తేడా ఎలా చెప్పాలి?

మీ అబ్బాయి వర్క్‌షీట్‌లో పోయిన రెండు మార్కుల గురించి రాశారు. ‘బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్’ అన్నదాన్ని ఫ్రేజ్ అన్నాడు, ‘సిట్టింగ్ అండర్ ద ట్రీ’ అన్నదాన్ని క్లాజ్ అన్నాడు. రెండూ తప్పు కొట్టారు. ఎనిమిదో తరగతికి వచ్చాక కూడా ఇంత చిన్న తేడా తెలియకపోతే ఎలా అని మీ దిగులు. నన్నడిగితే దిగులు పడాల్సినంత ఏమీ లేదండీ. పిల్లాడు తనకు నేర్పిన నిర్వచనాలను తు.చ. తప్పకుండా పాటించాడు. పూర్తి అర్థం ఇవ్వనిది ఫ్రేజ్ అని రాయించారు. ‘బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్’ అని ఆపేస్తే మాట మధ్యలో తెగినట్టే ఉంటుంది కాబట్టి ఫ్రేజ్ అన్నాడు. వెర్బ్ ఉంటే క్లాజ్ అనీ చెప్పారు. ‘సిట్’ వెర్బే కదా, క్లాజ్ అన్నాడు. ఆ నిర్వచనాలు చేతిలో పెట్టుకుని మీరు రాసినా, నేను రాసినా అవే జవాబులు వస్తాయి.

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఏళ్ల తరబడి ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. ఈ రెండు తప్పులూ చేయని బ్యాచ్ నాకు తగల్లేదు. తెలుగు మీడియం పిల్లలైనా, ఇంగ్లిష్ మీడియం పిల్లలైనా ఒకటే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఈ గందరగోళానికి మూలం మన ఇళ్లలో అటక మీద ఇప్పటికీ ఉండే రెన్ అండ్ మార్టిన్ దాకా పోతుంది. ఆ పుస్తకం మీద నాకు గౌరవమే, దానితోనే నేర్చుకున్నాం. కానీ ఫ్రేజ్ దగ్గర వాళ్లు ‘అర్థం ఉంటుంది, పూర్తి అర్థం ఉండదు’ అని అర్థంతో కొలిచారు. క్లాజ్ దగ్గరికి వచ్చేసరికి సబ్జెక్ట్, ప్రెడికేట్ ఉన్నాయా అని నిర్మాణంతో కొలిచారు. ఒకదాన్ని మూరతో, ఇంకొకదాన్ని శేరుతో కొలిచి ఏది పెద్దదో చెప్పమంటే పిల్లలేం చెబుతారు? మన గైడ్లు, కోచింగ్ నోట్సులు, యూట్యూబ్ పాఠాలు చాలావరకు ఆ రెండు నిర్వచనాలనే అటూ ఇటూ తిప్పి రాసుకున్నాయి.

‘పూర్తి అర్థం’ అన్న మాటను ఇంట్లో ఇక వాడకండి. అర్థం పూర్తయిందా లేదా అన్నది సందర్భాన్ని బట్టి ఉంటుంది. ‘ఎక్కడున్నావురా?’ అని మీరు కేకేస్తే ‘డాబా మీద’ అంటాడు. మీకు పూర్తిగా అర్థమైంది, వాడూ పూర్తిగానే చెప్పాడు. అయినా అది వాక్యం కాదు, క్లాజ్ కూడా కాదు. అటు ‘వాడు అలా అన్నాడు’ అంటే నిఖార్సైన వాక్యమే గానీ, వాడెవరో, ఎలా అన్నాడో వినేవాళ్లకు తెలియదు. పిల్లలు తెలివైనవాళ్లు, ఇలాంటి ఉదాహరణలు వాళ్లకూ తడతాయి. తట్టిన పిల్లాడు అడుగుతాడు. మనం ‘అది వేరు’ అంటాం. అక్కడితో గ్రామర్ అంటే లాజిక్ లేనిదని వాడి మనసులో పడిపోతుంది.

రెండోది, ‘వెర్బ్ ఉందా లేదా’ అన్నది. ఇది సగం నిజం కాబట్టి ఎక్కువ ప్రమాదం. అడగాల్సింది ఏ వెర్బ్ ఉంది అని. కాలాన్ని మోసే వెర్బ్ ఒకటి, దాని వెంట ఆ పని ఎవరిదో చెప్పే సబ్జెక్ట్ ఒకటి ఉంటే క్లాజ్. ఈ జంట లేకపోతే ఎంత పొడుగ్గా ఉన్నా ఫ్రేజే. స్కూలు స్థాయికి ఇంతకు మించి అక్కర్లేదు. చిక్కల్లా ‘కాలాన్ని మోసే వెర్బ్’ ఏదో పిల్లాడు తనంతట తాను ఎలా గుర్తుపట్టాలి అన్నదే.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఒకటి విచిత్రంగా అనిపిస్తుంది. దీనికి కావాల్సిన సరుకంతా మన పిల్లల దగ్గర ఉంది, పక్క పీరియడ్‌లో తెలుగు మాస్టారు చెబుతూనే ఉన్నారు. సమాపక క్రియ, అసమాపక క్రియ. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని పేర్లు చూసి భయపడతారు గానీ, లోపల ఉన్నది వాళ్లు రోజూ మాట్లాడే మాటే: వచ్చి, వస్తూ, వస్తే, వచ్చినా. సంశ్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం అని మార్కుల కోసం నేర్చుకుంటారు. గంట కొట్టగానే ఆ పుస్తకం సంచిలో పెట్టేసి ఇంగ్లిష్ పుస్తకం తీస్తారు. ఇందాక చదివిందే ఇప్పుడు వేరే పేరుతో చదువుతున్నామని వాళ్లకు ఎవరూ చెప్పరు. స్టాఫ్‌రూమ్‌లో తెలుగు మాస్టారూ ఇంగ్లిష్ మాస్టారూ పక్కపక్క కుర్చీల్లోనే కూర్చుంటారు, పీఆర్సీ గురించి తప్ప మాట్లాడుకోరు!

కాబట్టి తెలుగులో మొదలుపెట్టండి. మీ అబ్బాయిని ఈ వాక్యం చెప్పమనండి: ‘తాత రోజూ చెట్టు కింద కూర్చుని టీ తాగుతాడు.’ ఇప్పుడు ‘రోజూ’ తీసేసి ‘నిన్న’ పెట్టమనండి. ‘తాత నిన్న చెట్టు కింద కూర్చుని టీ తాగాడు.’ ఏ మాట మారింది? ‘తాగుతాడు’ ఒక్కటే. ‘కూర్చుని’ కదల్లేదు. తాత బదులు ‘నేను’ పెట్టినా, ‘వాళ్లు’ పెట్టినా తాగాను, తాగారు అని చివర మారుతుంది గానీ ‘కూర్చుని’కి చలనం ఉండదు. మారేది సమాపకం, మారనిది అసమాపకం. ఈ మాట మీరు చెప్పేలోపే చాలామంది పిల్లలు తామే అనేస్తారు.

వెంటనే అదే వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాయించండి. ‘సిట్టింగ్ అండర్ ద ట్రీ, మై గ్రాండ్‌ఫాదర్ డ్రింక్స్ టీ ఎవ్రీ డే.’ దాన్ని నిన్నటికి మార్చమనండి. ‘డ్రింక్స్’ పోయి ‘డ్రాంక్’ వచ్చింది. ‘సిట్టింగ్’ మాత్రం అలాగే కూర్చుంది. మార్పు ఒక్క చోటే వచ్చింది కాబట్టి ఈ వాక్యంలో క్లాజ్ ఒక్కటే. ‘సిట్టింగ్ అండర్ ద ట్రీ’ ఫ్రేజ్.

ఇప్పుడు వాడి రెండో తప్పుకు రండి. ‘బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్, వి స్టేడ్ ఎట్ హోమ్.’ ఇది నిన్నటిది. రోజూ జరిగేదిగా మార్చమనండి. ‘వాజ్’ పోయి ‘ఈజ్’ వస్తుంది, ‘స్టేడ్’ పోయి ‘స్టే’ వస్తుంది. రెండు చోట్ల కదిలింది. రెండు క్లాజులు. ‘బికాజ్’ ఉన్న ముక్క ఒంటరిగా నిలబడలేకపోవడం నిజమే, కానీ అది సబార్డినేట్ క్లాజ్ కావడం వల్ల. ఇంకో క్లాజ్ మీద ఆధారపడినంత మాత్రాన క్లాజ్ కాకుండా పోదు. వాక్యంలో కాలం మార్చినప్పుడు ఎన్ని చోట్ల వెర్బ్ కదిలితే అన్ని క్లాజులు. నా క్లాసుల్లో దీన్ని ‘రోజూ-నిన్న పరీక్ష’ అనేవాళ్లం.

రేపు అని మాత్రం పెట్టించకండి. తెలుగులో ఏ ఇబ్బందీ ఉండదు గానీ ఇంగ్లిష్‌లో ఇఫ్, వెన్, ఆఫ్టర్ లాంటి వాటి తర్వాత భవిష్యత్తును కూడా వర్తమానంలోనే చెబుతారు. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో’ అంటారు, ‘విల్ రెయిన్’ అనరు. పిల్లాడు అక్కడ వెర్బ్ కదల్లేదనుకుని ఫ్రేజ్ అంటాడు. నిన్నకీ రోజూకీ మధ్య తిప్పితే ఈ గొడవ రాదు. అలాగే ‘మస్ట్’ ఏ కాలానికీ రూపం మార్చుకోదు. ‘కెన్, మే, మస్ట్ లాంటివి కనబడితే కాలం మోసే వెర్బ్ కిందే లెక్క’ అని ఒక మాట చెప్పేస్తే సరిపోతుంది, తవ్వక్కర్లేదు.

తెలుగు వైపు కూడా చురుకైన పిల్లలు పట్టుకునే చిక్కొకటుంది, ముందే తెలుసుకుని ఉండండి. ‘నేను రాలేదు, నువ్వు రాలేదు, వాడు రాలేదు’ అన్నప్పుడు మనిషి మారినా క్రియ మారదు. అలాగని అది అసమాపకం కాదు. కాలం మార్చి చూడండి: రాను, రావు, రాడు. కాబట్టి మనిషిని మార్చే పరీక్షను సరదాకి ఉంచుకుని, తీర్పు మాత్రం కాలం మార్చే పరీక్షకు వదిలేయండి.

‘మా నాన్న రైతు’ సంగతి ఇంకా ముఖ్యం. తెలుగులో ఇది పూర్తి వాక్యం, క్రియ లేదు. మన భాషకు అది సహజం. ఇంగ్లిష్‌లో కుదరదు. ‘మై ఫాదర్ ఫార్మర్’ అని రాసే పిల్లలను చూసి నవ్వేవాళ్లుంటారు గానీ, ఆ పిల్లలు తెలుగు వాక్యాన్ని సరిగ్గానే దించారు. వాళ్లతో ‘మా నాన్న అప్పట్లో రైతు’ అన్నదాన్ని సాగదీసి చెప్పించండి, ‘అప్పట్లో రైతుగా ఉండేవాడు’ అంటారు. కాలం మార్చగానే దాక్కున్న క్రియ బయటికొచ్చింది. ఇంగ్లిష్‌లో అది ఎప్పుడూ బయటే ఉండాలి, ఈజ్‌గానో వాజ్‌గానో. ఈ మాట ఒకసారి ఒంటబట్టిన పిల్లలు క్లాజ్ రాస్తూ వెర్బ్ మర్చిపోవడం బాగా తగ్గుతుంది.

ఇక ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బాగా చదివే పిల్లలను కూడా బోల్తా కొట్టించేది ‘ద బుక్ కెప్ట్ ఆన్ ద టేబుల్’ రకం. ‘కెప్ట్’ చూడగానే పాస్ట్ టెన్స్, ముందు ‘ద బుక్’ సబ్జెక్ట్ లాగా ఉంది, ఇంకేం క్లాజ్ అనేస్తారు. ఇలాంటివాటిని విడి ముక్కగా ఇచ్చి తేల్చమనడం వర్క్‌షీట్ తయారుచేసినవాళ్ల తప్పు. వాక్యంలో పెట్టి చూడాలి. ‘ద బుక్ కెప్ట్ ఆన్ ద టేబుల్ ఈజ్ మైన్.’ నిన్నటికి మార్చండి: ‘ఈజ్’ మాత్రమే ‘వాజ్’ అయింది. ‘కెప్ట్’ కదల్లేదు. తెలుగులో చెప్పి చూస్తే ఇంకా తేలిక: ‘బల్ల మీద పెట్టిన పుస్తకం నాది.’ ‘పెట్టిన’ అన్నది ఇక్కడ పుస్తకాన్ని వర్ణించే విశేషణం, వాక్యాన్ని నిన్నటికి మార్చినా అది మారదు. పుస్తకం బల్ల మీద పెట్టింది ఎవరో కూడా అందులో లేదు.

ఇంగ్లిష్ పేపర్ చదివించి క్లాజులు వెతికిస్తే మంచిదని కొందరు చెబుతారు. వార్త లోపలి పేరాలైతే సరే, హెడ్‌లైన్లు మాత్రం వద్దు. ‘టూ హెల్డ్ ఇన్ చీటింగ్ కేస్’ లాంటి హెడ్‌లైన్‌లో ‘వర్’ మింగేస్తారు. చోటు కోసం పత్రికలవాళ్లు చేసే పని అది. ఇంకా కుదురుకోని పిల్లాడికి అవి చూపిస్తే ఉన్న మతి పోతుంది.

ఇంతవరకూ వెర్బ్ గురించే మాట్లాడాను. జంటలో రెండోది సబ్జెక్ట్. కాలం మోసే వెర్బ్ దొరికాక ‘ఎవరు?’ లేదా ‘ఏది?’ అని దాన్నే అడగాలి. ‘డ్రాంక్’, ఎవరు? ‘మై గ్రాండ్‌ఫాదర్’. ‘వాజ్ రెయినింగ్’, ఏది? ‘ఇట్’. ఇక్కడ పిల్లలు ఆ ‘ఇట్’ ఏంటి సార్ అంటారు. వాన పడింది అనడానికి మనకు వాన ఉంది, వాళ్లకు ఏదో ఒకటి కుర్చీలో కూర్చోబెట్టాలి కాబట్టి ‘ఇట్’ని కూర్చోబెట్టారు, అంతే. తెలుగులో ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ క్రియ చివర్లోనే ఉంది. అందుకని మన పిల్లలు ఇంగ్లిష్‌లోనూ సబ్జెక్ట్ వదిలేస్తారు. ‘కమ్ హియర్’ లాంటి ఆజ్ఞల్లో తప్ప వదలకూడదని గట్టిగా చెప్పండి.

ఈ సబ్జెక్ట్ సంగతి ఎంత అవసరమో చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ‘నాన్న వచ్చాక భోంచేశాం’ అన్నదాన్ని ఇంగ్లిష్‌లో రాయమనండి. క్లాసులో సగం మంది రాసేది ఇది: ‘ఆఫ్టర్ కమింగ్ మై ఫాదర్, వి ఏట్ డిన్నర్.’ ఏ జిల్లాకు వెళ్లినా, ఏ స్కూల్లో అడిగినా ఇదే వాక్యం. పెద్దవాళ్ల ఈమెయిళ్లలోనూ చూశాను. ఇది అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు. తెలుగులో ‘వచ్చాక’ అసమాపకమే అయినా తనకంటూ ఒక కర్తను పెట్టుకోగలదు: నాన్న వచ్చాక, నువ్వు వచ్చాక, వాన తగ్గాక. ‘వాన పడితే’, ‘వాళ్లు పిలిచినా’, ‘బస్సు కదులుతుండగా’, అన్నీ అంతే. ఇంగ్లిష్‌లో ‘ఆఫ్టర్ కమింగ్’ అలా చేయలేదు. అది మెయిన్ క్లాజ్‌లోని సబ్జెక్ట్‌నే తనదిగా తీసుకుంటుంది. ‘ఆఫ్టర్ కమింగ్ హోమ్, వి ఏట్ డిన్నర్’ అంటే వచ్చింది మేమే, తిన్నది మేమే. వచ్చింది నాన్న, తిన్నది మేము అయితే నాన్నకు సొంత వెర్బ్ కావాలి: ‘ఆఫ్టర్ మై ఫాదర్ కేమ్ హోమ్, వి ఏట్ డిన్నర్.’ అంటే ఫ్రేజ్ సరిపోని చోట క్లాజ్ తప్పదు.

ఫ్రేజ్, క్లాజ్ తేడా మన పిల్లలకు నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. పని చేసేవాళ్లు ఒక్కరేనా, ఇద్దరా అని ముందు చూసుకోవాలి. ఒక్కరే అయితే ఫ్రేజ్‌తో పని నడుస్తుంది. ఇద్దరైతే క్లాజ్ రాయాలి. ఈ ఒక్క అలవాటు చేయించగలిగితే గుర్తుపట్టే వర్క్‌షీట్లు ఎన్ని పోయినా నేను పట్టించుకోను.

రెండో ఉపయోగం పరీక్షల్లో. పదో తరగతికి వచ్చేసరికి వాక్యాలు కలపడం, మార్చి రాయడం వస్తాయి. అప్పుడు ‘బికాజ్’ రాయాలా ‘బికాజ్ ఆఫ్’ రాయాలా అన్నది తర్వాత వచ్చేది క్లాజా ఫ్రేజా అన్నదాన్ని బట్టే తేలుతుంది. ‘బికాజ్ ఇట్ రెయిన్డ్’, ‘బికాజ్ ఆఫ్ ద రెయిన్’. ‘దో హి వాజ్ ఇల్’, ‘ఇన్ స్పైట్ ఆఫ్ హిజ్ ఇల్‌నెస్’. ‘వైల్ వి వర్ ఈటింగ్’, ‘డ్యూరింగ్ లంచ్’. వీటిని జతలు జతలుగా బట్టీ పట్టించడం చూస్తుంటాను. తేడా తెలిసినవాడికి బట్టీ అవసరం ఉండదు. ‘ఇన్ స్పైట్ ఆఫ్ హి వాజ్ ఇల్’ అని రాసిన చోట ‘వాజ్’ కింద గీత గీసి చూపిస్తే చాలు, తప్పు వాడికే కనబడుతుంది.

ముక్క మొదట్లో ఉన్న మాటను చూసి తీర్పు చెప్పే అలవాటు మాన్పించండి. ‘ఆఫ్టర్’ ఉంటే క్లాజ్ అని కొందరు చిట్కాలు చెబుతారు. ఆఫ్టర్, బిఫోర్, సిన్స్, అన్‌టిల్, ఈ నాలుగూ రెండు వైపులా పనిచేసేవే. ‘ఆఫ్టర్ లంచ్’ ఫ్రేజ్, ‘ఆఫ్టర్ వి ఏట్ లంచ్’ క్లాజ్. ‘సిన్స్ మండే’ ఫ్రేజ్, ‘సిన్స్ హి లెఫ్ట్’ క్లాజ్. గుమ్మం చూసి ఇల్లు ఎవరిదో చెప్పలేం, లోపలికి వెళ్లి వెర్బ్ వెతకాల్సిందే.

హూ, విచ్, దట్‌లతో వచ్చే రిలేటివ్ క్లాజ్ సంగతి వేరు. మనవాళ్లకు అది కష్టం, కారణం వరుస. ‘నిన్న మేం చూసిన సినిమా బాగుంది’ అంటాం. వర్ణన అంతా ముందు వచ్చి సినిమా చివర్లో వస్తుంది. అందుకే ‘ఎస్టర్‌డే వి సా మూవీ ఈజ్ గుడ్’ అని దించేస్తారు. ఇంగ్లిష్‌లో ముందు ‘ద మూవీ’ అని పేరు చెప్పి, ఆ తర్వాత ‘దట్ వి సా ఎస్టర్‌డే’ అని తగిలిస్తారు. దీనికి నేను వాడిన ఉపాయం తెలుగులోనే మాటను రెండుగా విడగొట్టించడం: ‘ఆ సినిమా ఉంది చూడు, నిన్న మేం చూశామే, అది బాగుంది.’ నోటి మాటలో మనం ఇలా అంటూనే ఉంటాం. ఈ వరుస ఇంగ్లిష్‌కు దగ్గర. పైగా ‘చూసిన’ అన్నది ‘చూశాం’ అని సమాపకంగా మారింది, మనకు కావాల్సింది అదే. రెండు వారాలు ఇలా విడగొట్టి చెప్పించాక రాయడం మొదలుపెట్టించండి, తొందర పడొద్దు.

క్లాజ్ గురించి ఇంత రాశాక ఫ్రేజ్‌ను ‘క్లాజ్ కానిది’ అని వదిలేయడం అన్యాయం. ఫ్రేజ్ అంటే ఒకే పని కోసం కలిసి నడిచే మాటల గుంపు. వాక్యంలో ఆ గుంపు మొత్తాన్ని తీసి ఒక్క మాట పెట్టగలిగితే అది ఫ్రేజ్ అని పిల్లలకు చూపించొచ్చు. ‘ద టాల్ బాయ్ విత్ ద టోర్న్ బ్యాగ్’ మొత్తం తీసేసి ‘హి’ అనొచ్చు. ‘ఆన్ ద టాప్ షెల్ఫ్’ తీసేసి ‘దేర్’ అనొచ్చు. ‘ఎట్ ఫైవ్ ఇన్ ద మార్నింగ్’ తీసేసి ‘దెన్’ అనొచ్చు. ‘టాప్ షెల్ఫ్ అండ్’ అని మధ్యలో తెంపితే ఏ ఒక్క మాటతోనూ పూడ్చలేం, కాబట్టి అది ఫ్రేజ్ కాదు, వట్టి ముక్క. పక్కపక్కన ఉన్న మాటలన్నీ ఫ్రేజ్ అనుకునే పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది.

నా అభిప్రాయంలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు క్లాజ్ అన్న పేరే చెప్పక్కర్లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా, ఎవరితో అని అడుగుతూ వాక్యాన్ని పెంచే ఆట ఆడించాలి. ‘కుక్క మొరిగింది.’ ఏ కుక్క? ఎక్కడ? ఎప్పుడు? వాళ్లు పెంచినవన్నీ ఫ్రేజులే, పేరు తర్వాత తెలుస్తుంది. ఆరు, ఏడులో రోజూ-నిన్న ఆట. ఎనిమిదిలో పేర్లు, నిర్వచనాలు. నిర్వచనం చివర రావాలి, అప్పటికి అది పిల్లాడికి తెలిసిన సంగతికి పెట్టిన పేరులా ఉంటుంది. మన దగ్గర మొదటి రోజే బోర్డు మీద రాసి ‘రఫ్‌లో కాదు, ఫెయిర్‌లో రాసుకోండి’ అంటారు.

మీ అబ్బాయి చేత వారంపాటు ఇది చేయించండి. కొత్త వర్క్‌షీట్లు కొనకండి. వాడి సొంత ఇంగ్లిష్ నోట్‌బుక్‌లో వాడే రాసిన పేరా ఒకటి తీయండి, లీవ్ లెటర్ అయినా సరే. కాలం మారిస్తే కదిలే ప్రతి వెర్బ్ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టమనండి. ఆ సున్నా నుంచి ‘ఎవరు?’ అన్నదానికి జవాబు దాకా గీత గీయమనండి. గీత పోవడానికి చోటు లేని సున్నా దొరికిందంటే అక్కడ సబ్జెక్ట్ మర్చిపోయాడు. సున్నాయే లేని వాక్యం దొరికితే ‘మై ఫాదర్ ఫార్మర్’ రకం. ఫుల్‌స్టాప్ లోపు రెండు మూడు సున్నాలుండి, ఎక్కడా అండ్, బట్, బికాజ్, హూ లాంటివి ఏవీ లేకపోతే రెండు వాక్యాలను కామాతో అతికించాడని అర్థం. ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ కెనాట్ కమ్ టు స్కూల్’ అని మనమందరం రాసిన లీవ్ లెటర్‌లో ఉన్నది ఆ అతుకే. తన తప్పు తానే పెన్సిల్‌తో పట్టుకున్న పిల్లాడికి నిర్వచనం చెప్పి ఒప్పించాల్సిన పని ఉండదు.

అన్నట్టు, మీ చెల్లెలి కూతురు ఇంగ్లండ్‌లో చదువుతోందనీ, ఆ పాప ‘సిట్టింగ్ అండర్ ద ట్రీ’ కూడా క్లాజే అని వాదించిందనీ రాశారు. ఆ పాప చెప్పింది తప్పు కాదండీ. ఇంగ్లండ్‌లో 2014 నుంచి అమల్లో ఉన్న నేషనల్ కరిక్యులమ్‌లో క్లాజ్ అంటే వెర్బ్ తలగా, అంటే ప్రధాన పదంగా, ఉన్న ఒక ప్రత్యేకమైన ఫ్రేజ్ అని నిర్వచించారు. ప్రతి క్లాజ్‌కీ ఫైనైట్ వెర్బ్ (మనం కాలాన్ని మోసే వెర్బ్ అన్నది) ఉండాలన్నది పాత పద్ధతి అనీ, ఆధునిక వ్యాకర్తల్లో ఎక్కువమంది అది లేని నాన్‌ఫైనైట్ క్లాజులనూ ఒప్పుకుంటారనీ అందులోనే ఉంది. ఆ లెక్కన ‘సిట్టింగ్ అండర్ ద ట్రీ’ నాన్‌ఫైనైట్ క్లాజ్. అక్కడ మూడో ఏడాదిలోనే క్లాజ్ అన్న మాట పరిచయం చేస్తారు. అమెరికాలో కామన్ కోర్ పాటించే రాష్ట్రాల్లో ఫ్రేజులు, క్లాజులు ఏం పని చేస్తాయో వివరించడం ఏడో గ్రేడ్‌లో వస్తుంది. ఎవరి సిలబస్ వాళ్లది.

మన తెలుగులోనూ ఈ చర్చ జరిగింది. ‘కూర్చుని’, ‘పెట్టిన’ లాంటి రూపాల వెనక కూడా ఒక్కో వాక్యం దాగుందని భాషాశాస్త్రవేత్త చేకూరి రామారావు గారు 1970లలోనే ఉదాహరణలతో విడమరిచారు. నిజానికి ‘నాన్న వచ్చాక’ అన్నదాన్ని ఫ్రేజ్ అనడానికి ఏ తెలుగువాడికీ మనసొప్పదు, అందులో ఒక మనిషి, ఒక పని స్పష్టంగా ఉన్నాయి. కానీ ఇది పీజీలో చేసుకోవాల్సిన వాదన. స్టేట్ సిలబస్ ఎనిమిదో తరగతి పిల్లాడికి ఫైనైట్ వెర్బ్ ఉంటేనే క్లాజ్ అన్న పాత గీతే ఉంచండి. పరీక్షలో అదే అడుగుతారు, పైగా రాయడంలో తప్పులు పట్టడానికి ఆ గీతే ఎక్కువ పనికొస్తుంది. ఇద్దరు పిల్లలూ సెలవుల్లో కలిసినప్పుడు కొట్టుకోకుండా ‘మీ పుస్తకంలో అలా, మా పుస్తకంలో ఇలా’ అనుకుంటే చాలు.

ఇక ఆ వర్క్‌షీట్ గురించి. ఐదో ప్రశ్నలో ‘ద మ్యాన్ ఇన్ ద బ్లూ షర్ట్’ని వాడు ఫ్రేజ్ అని రాసి, తర్వాత కొట్టేసి క్లాజ్ అని దిద్దాడని చెప్పారు. మొదట రాసిందే రైటు. ‘మనిషి ఉన్నాడు కదా, సబ్జెక్ట్ ఉన్నట్టే’ అనుకుని దిద్ది ఉంటాడు. కదిలే వెర్బ్ చూపించమనండి, లేదని వాడే చెబుతాడు. ఎనిమిదోది ‘వాట్ యు సెడ్’. అది క్లాజ్, కీలో ఫ్రేజ్ అని ఉంటే కీ తప్పు. ‘సెడ్’ని ‘సే’ చేయొచ్చు, ఎవరు అంటే ‘యు’ ఉంది. టీచర్‌గారిని కలిసినప్పుడు మెల్లగా అడగండి, వర్క్‌షీట్ బయటినుంచి తెప్పించినదైతే ఆవిడ దిద్దుతూ గమనించి ఉండకపోవచ్చు.